ఫోటోలో నాలుగో మనిషి

దర్శి హైస్కూల్లో లెక్కల మాస్టారు జానకిరామయ్య ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఏ అంకెకూ జంకలేదు. భిన్నాలు, వర్గమూలాలు, చక్రవడ్డీలు ఆయన చేతిలో పెంపుడు పిల్లుల్లా బుద్ధిగా పడుకునేవి. అలాంటి మనిషి ఇంట్లో మాత్రం ఒకే ఒక్క అంకె దగ్గర ఓడిపోయాడు. ఆ అంకె మూడు.

ఆయన భార్య కోటేశ్వరమ్మకి ఒక గట్టి నమ్మకం ఉంది. ముగ్గురు కలిసి ఫోటో దిగకూడదు. దిగితే మధ్యలో నిలబడ్డవాళ్ళకి ఆయుష్షు మూడుతుంది. ఈ మాట ఊళ్ళో చాలామంది అనేదే, కానీ కోటేశ్వరమ్మ ఊరికే అనదు. పన్నెండేళ్ళప్పుడు ఆమె తిరనాళ్ళలో పెద్దమ్మ కూతుళ్ళిద్దరితో కలిసి ఓ ఫోటో దిగింది. మధ్యలో నిలబడ్డ పిల్ల ఆర్నెల్లు తిరక్కుండా విషజ్వరంతో పోయింది. ఎడమ చివర నిలబడ్డ కోటేశ్వరమ్మ మిగిలింది. ఇలాంటిదాన్ని ఏ సూత్రంతో కొట్టిపారెయ్యాలి? జానకిరామయ్య పెళ్ళయిన కొత్తలో ఒకటి రెండుసార్లు ప్రయత్నం చేసి, ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి నోరు మూసుకున్నాడు.

చిక్కేమిటంటే ఆ ఇంట్లో ఉన్నదే ముగ్గురు. భర్త, భార్య, ఒక్కగానొక్క కూతురు బాలసరస్వతి. ఏటా కార్తీకంలో పిల్ల పుట్టినరోజుకి శేషాచలం స్టూడియోకి వెళ్ళి ఫోటో దిగడం వాళ్ళకి అలవాటు. వెళ్ళిన ప్రతిసారీ కోటేశ్వరమ్మ కొంగు నడుముకి దోపుకుని వీధిలోకి వచ్చేది. దారిన పోయేవాళ్ళలో కాస్త నెమ్మదస్తుల్ని చూసుకుని, "ఒక్క నిమిషం లోపలికి రా నాయనా, నీకు పుణ్యముంటుంది" అని రెక్క పట్టుకుని లాక్కొచ్చేది. నలుగురయ్యేవాళ్ళు. శేషాచలం నల్లగుడ్డలోకి తల దూర్చేవాడు. తరవాత ఇంటికొచ్చిన చుట్టాలు గోడమీద ఫోటో చూసి "ఈయనెవరండీ?" అని అడిగితే, కోటేశ్వరమ్మ తడుముకోకుండా చెప్పేది.

"ఎవరో లెండి. ముగ్గురమే ఎందుకని పక్కన నిలబడ్డారు."

అలా ఇరవై ఏళ్ళు, ఇరవై ఫోటోలు, ఇరవై మంది ఎవరోలు.

ఎనభై ఐదు వేసవిలో బాలసరస్వతికి పెళ్ళి కుదిరింది. అల్లుడిది దాచేపల్లి. అక్కడ సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం. జూన్ రెండోవారంలో ముహూర్తం. జానకిరామయ్య పెళ్ళిబట్టలకి గుంటూరు వెళ్ళినప్పుడు ఓ ఆల్బం కూడా కొనుక్కొచ్చాడు. నల్లటి అట్టలు, మధ్యమధ్య పల్చటి కాగితం, మొత్తం పన్నెండు ఫోటోలు పడతాయి. పన్నెండు పిల్లతో అత్తారింటికి వెళ్ళాలి, ఎనిమిది ఇంట్లో ఉండాలి. ఏవి అటు, ఏవి ఇటు అన్నది తేల్చడానికి ఓ ఆదివారం పొద్దున్నే వసారాలో చాప పరిచి, ట్రంకుపెట్టె ముందేసుకుని ముగ్గురూ కూర్చున్నారు.

పైకి అదీ పని. కానీ జానకిరామయ్య మనసులో ఉన్నది వేరు. ఆయనకి ముగ్గురే ఉన్న ఫోటో ఒక్కటి కావాలి. ఆయన, ఆయన భార్య, ఆయన కూతురు. పక్కన పెరుగమ్మే మనిషీ వద్దు, పోస్టుమానూ వద్దు. ఇంకో ఇరవై రోజులు పోతే అల్లుడొస్తాడు. "హమ్మయ్య, ఇక నాలుగో మనిషి కోసం వీధినపడక్కర్లేదు, ఇంట్లోనే ఉంటాడు" అని కోటేశ్వరమ్మ రోజుకోసారి సంబరపడుతోంది. ఆవిడ సంబరపడ్డప్పుడల్లా ఆయనకి గుండెలో ఎక్కడో కలుక్కుమంటోంది. ఈ ముగ్గురూ ముగ్గురిలా ఉండేది ఇంకో ఇరవై రోజులే. ఇరవై ఏళ్ళు కలిసి బతికిన దానికి ఒక్క కాగితం ముక్క కూడా సాక్ష్యం లేదు.

"నాన్నా, ఇది చూడు!" బాలసరస్వతి ఓ ఫోటో ఎత్తి చూపించి విరగబడి నవ్వింది. "మన మేక!"

అది డెబ్బై మూడులోది. ఆ రోజు జడివాన. వీధిలో పురుగు కూడా లేదు. స్టూడియో అరుగు మీద తలదాచుకున్న మేక ఒక్కటే దొరికింది. బొమ్మని నిలబెడదామని శేషాచలం అంటే కోటేశ్వరమ్మ ఒప్పుకోలేదు, ప్రాణమున్నదే కావాలంది. మేకకి ప్రాణం ఎక్కువై సరిగ్గా ఫోటో తీసేటప్పుడు తల తిప్పింది. అందుకని ఫోటోలో దానికి రెండు తలలు.

"దాన్నెందుకు పంపడం? అత్తగారు చూస్తే ఏమనుకుంటారే?" అంది కోటేశ్వరమ్మ.

"మొదటి పేజీలో పెడతా. చూసి నవ్వితే మంచావిడ, నవ్వకపోతే జాగ్రత్తగా ఉండాలని తెలిసిపోద్ది."

తరవాత సర్పంచి చెంచురామయ్య ఫోటో బయటికొచ్చింది. పక్కన నిలబడమని పిలిస్తే ఆయన అదేదో తన గౌరవార్థం జరుగుతోందనుకుని, వచ్చి నడిమధ్య కుర్చీలో కూర్చుని, కర్ర మీద రెండు చేతులూ ఆనించి, జానకిరామయ్యని కాస్త పక్కకి జరగమన్నాడు. అందులో మాస్టారు సగమే పడ్డాడు. కోటేశ్వరమ్మకి మాత్రం అన్నిట్లోకీ అదే ఇష్టం. మధ్యలో ఉన్నది పరాయివాడు గనక ఆ ఏడంతా ఆవిడకి హాయిగా నిద్రపట్టింది. పైగా చెంచురామయ్యకి ఏమీ కాలేదు, ఇప్పటికీ గుండ్రాయిలా ఉన్నాడు. ఈ సంగతి జానకిరామయ్య ఎత్తి చూపిస్తే, "నలుగురున్నారు కాబట్టే" అంటుంది. ఇక ఏం వాదిస్తాడు?

ఆపైన మిరపకాయల బేరగాడి ఫోటో. ఆయన చేతిసంచిలో శాంపిలు కాయలున్నాయి. లైటు వెలిగేసరికి ఘాటు లేచి నలుగురూ ఒకేసారి తుమ్మారు. ఎనిమిది కళ్ళలో ఒక్కటీ తెరిచి లేదు. దాని కింద పత్తి తీసి నేరుగా చేలోంచి వచ్చిన కూలీమనిషి సుబ్బరావమ్మ. తలనిండా దూది పింజలు. ఫోటోలో ముప్పై ఏళ్ళ మనిషికి డెబ్బై ఏళ్ళ జుట్టు పడింది. చూసుకున్నప్పుడు ఆవిడే పొట్ట పట్టుకుని నవ్విందట.

తల్లీకూతుళ్ళు నవ్వుతూనే ఉన్నారు. జానకిరామయ్య మాత్రం ఒక్కో ఫోటో మీదా వేలు అడ్డంపెట్టి, నాలుగో మనిషిని మూసి, మిగిలిన ముగ్గుర్నీ చూసుకుంటున్నాడు. అలా మూసి చూస్తుంటే పదిహేడేళ్ళ కిందటి ఫోటో దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

పిల్లకి నాలుగేళ్ళు. బుట్టగౌను. కోటేశ్వరమ్మ జడలో చేమంతులు. ముగ్గురూ పళ్ళు కనపడేలా నవ్వుతున్నారు. జానకిరామయ్య కూడా. ఆయన ఫోటోలో నవ్వింది జీవితంలో ఆ ఒక్కసారే, మిగతా పందొమ్మిదింట్లోనూ పరీక్ష హాల్లో ఉన్నట్టే ఉన్నాడు. నాలుగో మనిషి కుడి చివర నిలబడి ఉంది. గాజులమ్మే జాన్‌బీ. చేతిలో గాజుల మలారం, దారాలకి గుచ్చిన గాజుల గుత్తులన్నీ కట్టగట్టి వేలాడుతూ. సరిగ్గా చివర ఉంది. తీసేస్తే ముగ్గురే మిగులుతారు.

"ఏమే," అన్నాడు ఆయన, ఏమీ ఎరగనట్టు. "ఈ చివరి మనిషిని కత్తిరిస్తే ఫోటో ముచ్చటగా ఉంటుందేమో?"

కోటేశ్వరమ్మ నవ్వు ఠక్కున ఆగింది. "కత్తిరిస్తే ముగ్గురవుతాం. మధ్యలో ఎవరున్నారో చూడండి."

మధ్యలో బాలసరస్వతి ఉంది.

"పెళ్ళి పెట్టుకుని ఇదేం మాటండీ?" అని ఆవిడ ఆ ఫోటో తీసి పెట్టెలో అడుక్కి తోసింది. మధ్యాహ్నం ఆవిడ వంటింట్లో ఉండగా మాస్టారు దాన్ని పైకి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తన ఇంట్లో తనే దొంగతనం చేసిన మనిషిలా ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సోమవారం పొద్దున్న శేషాచలం స్టూడియోకి వెళ్ళాడు. మనుషుల్ని ఫోటోల్లోంచి మాయం చెయ్యడంలో శేషాచలం దిట్ట. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నా, వియ్యంకులు పోట్లాడుకున్నా ఫోటో పట్టుకుని ఆయన దగ్గరికే వస్తారు. బ్లేడుతో మనిషిని గీకేసి, ఆ చోట కుంచెతో ఓ పూలకుండీ వేస్తాడు. దర్శిలో ఏ ఇంటి గోడమీదైనా ఫోటోలో పూలకుండీ కనిపించిందంటే, అక్కడ ఒకప్పుడు ఎవరో నిలబడి ఉండేవారని, వాళ్ళతో ఇప్పుడు మాటల్లేవని అర్థం.

"ఈమెతో మీకేం తగువొచ్చింది మాస్టారూ?" శేషాచలం భూతద్దంలోంచి చూస్తూ అడిగాడు.

"తగువేం లేదు. ముగ్గురమే ఉండాలి, అంతే. నెగటివ్ ఉందా?"

"ఎక్కడిదండీ, తుఫాను వచ్చిన ఏడు కప్పు కారి పాతవన్నీ ఒకే ముద్దయిపోయాయి. ఈ కార్డు మీదే గీకాలి. గీకితే మళ్ళీ రాదు. చూసుకోండి మరి." మళ్ళీ భూతద్దం పెట్టాడు. "పాప అమ్మగారి ముందు నుంచి చెయ్యి చాపి ఈమె పైట పట్టుకునుంది. ఆ కొంగుని కుండీలోంచి వచ్చిన తీగ చేస్తాలెండి. కానీ ఒక్క మాట. ముగ్గురూ ఈమెనే చూసి నవ్వుతున్నారు. ఈమెని తీసేస్తే మీరు కుండీని చూసి నవ్వుతున్నట్టు ఉంటది."

"నవ్వుతాం. మా ఇష్టం," అన్నాడు జానకిరామయ్య.

"రేపు సాయంత్రం రండి."

మర్నాడు మంగళవారం. రోహిణీకార్తె ఎండకి వీధిలో మట్టి పెనంలా కాలుతోంది. పెళ్ళికూతురికి గాజులు తొడగడానికి రమ్మని కోటేశ్వరమ్మ గాజుల షాజాదీకి కబురు పెడితే, మోకాళ్ళనొప్పులని ఆవిడ రాలేక కోడల్ని పంపింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. పేరు ఖుర్షిదా. మలారం దింపి వసారాలో కూర్చుంది. మజ్జిగ ఇవ్వబోతే రోజా ఉన్నానని చెప్పి, బాలసరస్వతి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆకుపచ్చ గాజులు ఒక్కొక్కటీ మెత్తగా ఎక్కిస్తోంది.

జానకిరామయ్య లోపలి గదిలో శుభలేఖల మీద పేర్లు రాస్తున్నాడు. తలుపు ఓరగా వేసుంది.

"నీది ఏ ఊరమ్మా?" కోటేశ్వరమ్మ అడిగింది.

"పుట్టింది ఇక్కడేనండి. పెరిగింది కనిగిరిలో, మా మేనత్త జోహరాబీ దగ్గర. పెళ్ళయి మళ్ళీ ఇక్కడికొచ్చా." ఖుర్షిదా గొంతు తగ్గించింది. "మా అమ్మ కూడా ఈ ఊళ్ళో గాజులే అమ్మేదండి. జాన్‌బీ."

"జాన్‌బీ కూతురివా!" కోటేశ్వరమ్మ గొంతు ఇల్లంతా వినపడింది. "ఎంత మంచి మనిషి! పాపం, చిన్న వయసులోనే..."

"నాకు మూడో ఏడండి అప్పుడు. మొహం గుర్తులేదు." గాజుల చప్పుడు ఆగిపోయింది. "అమ్మ బతికున్నప్పుడు ఎవరో లెక్కల మాస్టారు వాళ్ళతో ఒక్కసారి ఫోటో దిగిందని మా వీధిలో పెద్దోళ్ళు చెప్తా ఉంటారు. అది తప్ప ఇంకోటి లేదంట. మీరేనేమోనని... అడగొచ్చో లేదో. ఒక్కసారి చూసి ఇచ్చేస్తానమ్మా. తీసుకుపోను."

"దానికేం భాగ్యమే! చూసి ఇచ్చెయ్యడమేంటి? మొన్ననే అన్నీ బయటికి తీశాం. బాలా, పెట్టె తే."

పెట్టె ఈడ్చిన చప్పుడు. కాగితాల గలగల. జానకిరామయ్య చేతిలో కలం ఆగిపోయింది. సిరా బొట్టు ఓ పెద్దమనిషి పేరు మీద పడి పాకుతోంది. ఆయన చూడలేదు.

"అడుగునే పెట్టానే... మేక, సర్పంచి, ఇది కాదు... ఎటు పోయింది?"

"అమ్మా, మొన్న నాన్న చేతిలో..." అని బాలసరస్వతి అంటుండగానే ఆయన పెరటి తలుపు తీసుకుని బయటపడ్డాడు. చెప్పులు వసారాలో ఉన్నాయి, అటు వెళ్ళే ధైర్యం లేదు. వట్టి కాళ్ళతో ఆ మంటల నేల మీద లెక్కల మాస్టారు పరుగెత్తుతుంటే, టీకొట్టు దగ్గర ఆయన పాత విద్యార్థులు గ్లాసులు పట్టుకుని నోళ్ళు తెరిచారు. ఇరవై ఆరేళ్ళలో ఆయన గబగబా నడవడం కూడా ఎవరూ చూడలేదు.

"శేషాచలం! ఆపవయ్యా! ఆపు!"

శేషాచలం బ్లేడు పట్టుకునే ఉన్నాడు. "ఏమైంది మాస్టారూ? ఇప్పుడే మొదలెట్టా."

ఆయన పని ఎప్పుడూ కింద నుంచి మొదలవుతుంది. కుండీ ముందు, పూలు తరవాత. జాన్‌బీ పాదాలు పోయాయి. చీర అంచు పోయింది. మోకాళ్ళ దాకా చక్కటి కుండీ, దాని చుట్టూ గులాబీ గీత కూడా వచ్చేసింది. ఆ పైన మనిషి మనిషిలాగే ఉంది. మలారం ఉంది, పైట ఉంది, పైట పట్టుకున్న పిడికిలి ఉంది. నవ్వు ఉంది. జానకిరామయ్య అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. ఇంకో అరగంట ఆగి ఉంటే ఆ నవ్వు కూడా పోయేది.

ఫోటో కాగితంలో పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి ఖుర్షిదా మలారం సర్దుకుంటోంది. మొహంలో ఏమీ లేదు. ఆశ పెట్టుకోకుండా ఉండటం బాగా అలవాటైన మనిషి మొహం అది. మాస్టారు ఫోటో ఆమె చేతికిచ్చాడు.

ఆ పిల్ల చాలాసేపు చూసింది. తరవాత తన నోటి దగ్గరికి చెయ్యి పోనిచ్చి పైపన్ను తడుముకుంది. పన్ను మీద పన్ను. ఫోటోలో మనిషికీ అక్కడే, అలాగే.

"నా పన్నే," అంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలిసినట్టు లేదు. "ఇంతకాలం ఈ పన్ను నాకెవరిచ్చారా అని తిట్టుకున్నా." కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. "ఎందుకు నవ్వుతున్నారండీ అందరూ?"

ఇన్నేళ్ళూ జానకిరామయ్యకి ఆ సంగతి గుర్తు లేదు. ఎవరూ అడగలేదు, ఆయన తలుచుకోనూ లేదు. ఇప్పుడు ఆ పిల్ల నోట ఆ ప్రశ్న వినగానే అంతా కళ్ళముందుకొచ్చింది.

"మా అమ్మాయి నల్లగుడ్డ చూసి జడుసుకుని ఏడుపు మొదలెట్టింది. ఎంత బుజ్జగించినా ఆపదు. మీ అమ్మ మలారం ఎత్తి గలగలలాడించింది. ఏడుపు ఠక్కున ఆగింది. అప్పుడు మీ అమ్మ శేషాచలాన్ని అడిగింది, 'అయ్యా, ఈ గాజుల చప్పుడు కూడా ఫోటోలో పడుద్దా? పడితే కాస్త గట్టిగా ఆడిస్తా' అని. అంతే, ముగ్గురం పడీపడీ నవ్వాం. సరిగ్గా అప్పుడు తీశాడు."

ఖుర్షిదా తలెత్తి ఆయన్నే చూస్తోంది. తల్లి మొహం కోసం వస్తే తల్లి మాట కూడా దొరికింది. కోటేశ్వరమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"దీన్నించి మీ అమ్మ ఒక్కదాన్నే పెద్దది చేయించి ఇస్తానమ్మా," అన్నాడు మాస్టారు. "పక్కనున్న మమ్మల్ని తీసేసి."

"వద్దండీ!" ఆ పిల్ల ఫోటో గుండెకి హత్తుకుంది. "మా అమ్మ మిమ్మల్ని నవ్వించి నిలబడింది. మిమ్మల్ని తీసేస్తే ఎవర్ని చూసి నవ్వుతున్నట్టు? అందరూ ఉండాలి." అప్పుడు చూపు కిందికి వెళ్ళింది. "మరి ఈ కుండీ ఏంటండీ? అమ్మ కుండీలో నిలబడిందా?"

కోటేశ్వరమ్మ కుండీ వంక చూసింది, మట్టి కొట్టుకున్న ఆయన వట్టి కాళ్ళ వంక చూసింది. ఆవిడకి అంతా అర్థమైంది. "శేషాచలానికి కుండీల పిచ్చిలేమ్మా," అంది తేలిగ్గా. "ఊరికే ఉండలేడు."

ఆ మాటకి ఆయన మరింత కుంగిపోయాడు.

సాయంత్రం ఆవిడ అడక్కముందే మాస్టారు అంతా చెప్పేశాడు. ఇరవై ఏళ్ళుగా మనసులో ఉన్న కోరిక, జేబులో పెట్టుకున్న ఫోటో, అంతా. కోటేశ్వరమ్మ తిట్టలేదు. లేచి వెళ్ళి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

పొద్దున్నే చూస్తే ఆవిడ తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, కూతుర్ని కూడా తయారు చేసి వసారాలో నిలబడి ఉంది.

"పదండి స్టూడియోకి," అంది. "మీకంత కోరికగా ఉంటే ముగ్గురమే దిగుదాం. కానీ ఒక షరతు. మధ్యలో నేను నిలబడతా."

మాస్టారికి మొదట నవ్వొచ్చింది. ఆనక రాలేదు.

స్టూడియోలో శేషాచలం తాజ్‌మహల్ తెర దించాడు. కోటేశ్వరమ్మ నడిమధ్య నిలబడింది. ఓ చేత్తో కూతురి చెయ్యి, ఇంకో చేత్తో ఆయన చొక్కా అంచు పట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. పెదాలు ఏదో స్తోత్రం చదువుతున్నాయి. నుదుటి కుంకుమ చెమటకి కరిగి కిందికి దిగుతోంది. ఈ మనిషి నిజంగానే తన ఆయుష్షు తెచ్చి ఇక్కడ పెట్టి నిలబడిందని ఆయనకి ఆ క్షణాన తెలిసింది. నమ్మకం ఆయనది కాదు, ఆవిడది. అయినా ఆవిడ పెడుతున్నది మాత్రం నిజం ఆయుష్షే.

"రెడీ," అన్నాడు శేషాచలం గుడ్డలోంచి.

"ఆగవయ్యా!" జానకిరామయ్య ఒక్క గంతులో వీధిలోకి దూకాడు. మొట్టమొదట కనిపించిన మనిషి గోలీసోడా బండి సైదా. మాస్టారు అతని రెక్క పట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం లోపలికి రా నాయనా. నీకు పుణ్యముంటుంది."

"బండి, మాస్టారూ! బండి!"

"బండి ఎక్కడికీ పోదు, రా!"

కోటేశ్వరమ్మ కళ్ళు తెరిచి చూసేసరికి పక్కన సోడా సీసా పట్టుకుని బిక్కమొహంతో సైదా. ఆయన వంక చూసింది. ఆపైన ఆపుకోలేక నవ్వింది. బాలసరస్వతి నవ్వింది. జానకిరామయ్య కూడా నవ్వాడు, పళ్ళు కనపడేలా, ఫోటోలో రెండోసారి. అది ఇరవై ఒకటో ఫోటో. ఆల్బంలో రెండు తలల మేక తరవాత దాన్నే అంటించారు.

పెళ్ళి బాగా జరిగింది. వియ్యపురాలు మేకని చూసి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్విందని దాచేపల్లి నుంచి ఉత్తరం కూడా వచ్చింది. శేషాచలం జాన్‌బీ ఫోటోని మళ్ళీ ఫోటో తీసి రెండు పెద్ద కాపీలు వేసి ఇచ్చాడు. ఒకటి మాస్టారింటి గోడమీదికి, ఒకటి ఖుర్షిదా ఇంటికి. పాదాలు తిరిగి వెయ్యడం మాత్రం తన వల్ల కాలేదన్నాడు. ఆయనకి కుండీలే వచ్చు.

రంజాన్ పండక్కి ఖుర్షిదా వచ్చి పిలిస్తే దంపతులిద్దరూ వాళ్ళింటికి బయల్దేరారు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల ఎవరో ముసలావిడ గొంతు. కనిగిరి నుంచి వచ్చిన మేనత్త జోహరాబీ కళ్ళద్దాలు పైకెత్తి, గోడమీద ఫోటోకి ముక్కు ఆనించి చూస్తోంది.

"జాన్‌బీయే! అదే పన్ను, అదే నవ్వు. మాషల్లా!" వేలు పక్కకి జరిపింది. "ఈ ముగ్గురెవరే? మనవాళ్ళలో ఎప్పుడూ చూళ్ళేదే?"

వంటింట్లోంచి, పొరుగూరి నుంచి పండక్కొచ్చిన చుట్టాలావిడ ఒకరు సేమ్యా కలుపుతూ చెప్పింది. "ఎవరోలే వదినా. ఎవరో మాస్టారు వాళ్ళంట. జాన్‌బీ ఒక్కతే ఎందుకని పక్కన నిలబడ్డారంట."

కోటేశ్వరమ్మ చటుక్కున భర్త మొహంలోకి చూసింది. ఆయన భుజాలు కదులుతున్నాయి. చప్పుడు రాకుండా నవ్వుతున్నాడు. ఇరవై ఏళ్ళు తన గోడమీద ఎవరోల్ని చూసి విసుక్కున్న మనిషి, ఇవాళ ఇంకొకరి గోడమీద తనే ఎవరో అయ్యాడు. అక్కడ ఆ చివర నిలబడటం ఆయనకి ఎంత బాగుందో చెప్పలేం.

"నిలబడితే నిలబడ్డారు గానీ, మంచోళ్ళలాగే ఉన్నారు," అంది లోపల జోహరాబీ. "మన పిల్లనే చూసి నవ్వుతున్నారు. అవునే, ఈ కుండీ ఎవరు పెట్టారే? చక్కగా నిలబడ్డ పిల్ల కాళ్ళ మీద?"

కోటేశ్వరమ్మ ఏదో అనబోతే జానకిరామయ్య చెయ్యెత్తి ఆపాడు.

"అది నేనే పెట్టించానమ్మా," అన్నాడు గుమ్మంలోంచి. "ఎందుకో చెప్తాను." చెప్పులు విప్పి లోపలికి నడిచాడు.